చలికాలం వచ్చేస్తోంది: సిమెంటు ఫౌంటెన్, మట్టి తులసికోట, వినాయకుడు బయటే ఉన్నాయి, ఏం చేయాలి?

నేపర్విల్_శ్రీను (నేపర్విల్, ఇల్లినాయ్), అక్టోబర్ 9

అందరికీ నమస్కారం. ఇక్కడ చదవడమే తప్ప రాయడం ఇదే మొదటిసారి. జూన్‌లో ఇల్లు కొన్నాం. పాత ఓనరు వెనక పెరట్లో ఒక ఫౌంటెన్ వదిలేసి వెళ్ళాడు. సిమెంటుతో పోత పోసింది. కింద పెద్ద తొట్టి, మధ్యలో స్తంభం, దానిమీద రెండు పళ్ళేలు, కొసన అనాసపండు. నా భుజాల ఎత్తు ఉంటుంది. అమ్మ తెనాలి నుంచి వచ్చి ఉంది. రోజూ సాయంత్రం కాఫీ గ్లాసు పట్టుకుని దాని పక్కన కూర్చోవడం ఆవిడకి అలవాటైపోయింది. "కాలవ గట్టున కూర్చున్నట్టుంది" అంటుంది.

నిన్న పక్కింటాయన కంచె మీంచి చూసి, "ఇంకా దీన్ని మూయలేదా? మా పక్షుల తొట్టి పోయినేడు రెండు ముక్కలైంది" అని భయపెట్టి వెళ్ళాడు.

ఫౌంటెన్ కాక బయట ఉన్నవి: రెండడుగుల వినాయకుడు (ఇక్కడే తోట సామాన్ల షాపులో కొన్నాం, రాయో సిమెంటో నాకు తెలీదు), ఇండియా నుంచి తెప్పించుకున్న మట్టి తులసికోట, బంతి మొక్క పెట్టిన మట్టి ఏనుగు, ప్లాస్టిక్ లాంటి దాంతో చేసిన కొంగలు రెండు. ఇక్కడ మైనస్ 20 సెల్సియస్ దాకా పోతుందట. ఓ పెద్ద టార్పాలిన్ తెచ్చి అన్నిటిమీదా కప్పేస్తే సరిపోదా? నాకు టెన్షన్‌గా ఉంది, అమ్మకి నాకంటే ఎక్కువ.

మంచుదేశం_మాస్టారు (మినియాపొలిస్), అక్టోబర్ 9

శ్రీను గారూ, తొందరపడి టార్పాలిన్ కొనకండి. నీళ్ళు లోపలే ఉంచి పైన కప్పితే, దొంగని ఇంట్లో పెట్టి తలుపుకి తాళం వేసినట్టే.

సిమెంటుని చలి ఏమీ చేయదు. పగలగొట్టేది అందులో ఉన్న నీళ్ళు. ఫ్రీజర్‌లో నిండా నీళ్ళు పోసిన గాజు సీసా పెట్టి మర్చిపోతే ఏమవుతుందో అందరం చిన్నప్పుడు చూసి, తన్నులు కూడా తిన్నవాళ్ళమే. నీరు గడ్డకడితే దాదాపు 9 శాతం ఉబ్బుతుంది. ఆ ఉబ్బుకి చోటు లేకపోతే చోటు చేసుకుంటుంది, అంతే.

మీరు చేయాల్సిన పని ఇదీ. ముందు ప్లగ్ పీకండి. తొట్టి అడుగున బిరడా ఉంటుంది, తీసి నీళ్ళు వదిలేయండి. పంపు బయటికి తీయండి. ఆకులు, నాచు చేత్తో ఎత్తేయండి. తర్వాత స్పాంజి తీసుకుని మోకాళ్ళ మీద కూర్చుని, పళ్ళేల మూలల్లో చెంచాడు నీళ్ళు కూడా మిగలకుండా అద్దండి. చాలామంది మర్చిపోయేది స్తంభం లోపలి గొట్టం. పంపు తీశాక అందులో నీళ్ళు కిందికి దిగిపోయాయో లేదో చూసుకోండి. గొట్టం వంపు తిరిగిన చోట ఆగిపోతాయి.

కుదిరితే పై పళ్ళేలు, అనాసపండు విడదీసి గరాజ్‌లో పెట్టండి. ఒక్కరే ఎత్తొద్దు. మా ఆవిడ మాట వినకుండా నేను ఒక్కణ్ణే ఎత్తాను. పది రోజులు మంచమెక్కి ఆవిడ చేతే కాఫీ తాగాను, ప్రతి కాఫీతోనూ ఆ మాట గుర్తుచేసింది.

విడదీయడం కుదరకపోతే, పళ్ళేనికీ స్తంభానికీ మధ్య సన్నటి చెక్కముక్కలు దూర్చండి. లేకపోతే ఆ అతుకులో చేరిన నీరు గడ్డకట్టి రెండింటినీ కరిపించేస్తుంది. బిరడా తీసే ఉంచండి. కింద తొట్టి నేలకి ఆనకుండా రెండు మూడు చెక్క దిమ్మలు పెట్టి కాస్త లేపండి. అప్పుడు కప్పండి.

పరమాణువు (డెట్రాయిట్ దగ్గర), అక్టోబర్ 10

సివిల్ ఇంజనీర్‌ని, నోరు ఊరుకోదు.

మాస్టారు చెప్పిన 9 శాతానికి ఇంకో వైపుంది. సిమెంటు చూడ్డానికి గట్టిగా ఉన్నా లోపలంతా కంటికి కనపడని రంధ్రాలే. వాటిలో పదో వంతు ఖాళీ ఉంటే ఐసు ఉబ్బడానికి ఆ చోటు చాలుతుంది, ఏమీ కాదు. సుమారు 91 శాతం మించి నీళ్ళతో నిండి ఉంటేనే పగులు మొదలవుతుంది. అందుకే ఫౌంటెన్‌ని ముందుగా ఆరబెట్టుకోవాలి. పెరట్లో మామూలు గోడ బతుకుతుంది, ఫౌంటెన్ బతకదు. ఎందుకంటే అది ఆరు నెలలు నీళ్ళలో నానిన సిమెంటు. ఈ వారం ఎండ ఉన్నప్పుడే నీళ్ళు తీసేసి నాలుగైదు రోజులు ఎండనివ్వండి.

ఇంకో మాట. మైనస్ 20 అని బెదిరిపోతున్నారు గానీ, ఒకసారి గడ్డకట్టి జనవరంతా అలాగే ఉంటే నష్టం తక్కువే. పగలు ప్లస్ 3, రాత్రి మైనస్ 4, మళ్ళీ పగలు ప్లస్ 3. ఇదే చంపేది. కరిగిన నీరు ప్రతిసారీ ఇంకాస్త లోపలికి దూరుతుంది, రాత్రికి మళ్ళీ ఉబ్బుతుంది. మార్చి నెల జనవరి కంటే ప్రమాదం.

రోడ్లకి, వంతెనలకి ఇక్కడ వాడే కాంక్రీటులో కావాలనే సన్నటి గాలి బుడగలు పుట్టిస్తారు, ఐసుకి చోటు ఉండాలని. మీ ఫౌంటెన్‌ని పోసినవాడు ఆ జాగ్రత్త తీసుకున్నాడని నమ్మకం పెట్టుకోవద్దు.

దాని చుట్టూ నడిచే దారిలో రాతి ఉప్పు చల్లకండి. ఉప్పునీళ్ళు సిమెంటు పైపొరని పెచ్చులు పెచ్చులుగా లేపేస్తాయి. జారుతుందనుకుంటే ఇసుక చల్లండి.

నేపర్విల్_శ్రీను, అక్టోబర్ 10

చాలా థాంక్స్ అండీ ఇద్దరికీ. ఒక డౌట్. ఆపకుండా నడిపిస్తూనే ఉంటే? పారే నీరు గడ్డకట్టదు కదా అని మా ఫ్రెండ్ అంటున్నాడు. వాడు నార్త్ కరోలినాలో, చలి తక్కువుండే షార్లెట్‌లో ఉంటాడు.

మంచుదేశం_మాస్టారు, అక్టోబర్ 10

షార్లెట్‌లో ఉన్నవాడు షార్లెట్ సంగతి చెప్తాడు. మన దగ్గర చిందిన ప్రతి చుక్కా అంచుమీద గడ్డకడుతుంది. ఆ గడ్డ పెరిగి నీటిధార దారి మళ్ళి బయటికి పోతుంది, తొట్టి ఖాళీ అవుతుంది, పంపు ఉత్తినే తిరిగి కాలిపోతుంది. మీ పక్కనే షికాగోలో ఉన్న బకింగ్‌హామ్ ఫౌంటెన్ 1927 నుంచి ఉంది. దాన్నే అక్టోబర్ మధ్యలో కట్టేసి మళ్ళీ మేలో విప్పుతారు. నగరపాలక సంస్థకే లేని ధైర్యం మనకెందుకు?

ప్లంబర్_కాదు_ప్రసాద్ (ఎడిసన్, న్యూజెర్సీ), అక్టోబర్ 11

ఫౌంటెన్ గోలలో పడి బయటి కుళాయి మర్చిపోతారని రాస్తున్నా. ఫౌంటెన్ పగిలితే పోయేది ఫౌంటెనే, కుళాయి పగిలితే బేస్‌మెంటు పోతుంది.

హోస్ పైపు విప్పేయండి. "మాది గడ్డకట్టని రకం కుళాయి" అని ధీమాగా ఉండకండి. దాని వాల్వు గోడ లోపల వెచ్చటి చోట ఉంటుంది, నిజమే. కానీ హోస్ తగిలించి ఉంటే ఆ పొడవాటి గొట్టంలోని నీరు బయటికి కారిపోదు, అక్కడే గడ్డకట్టి చీలుస్తుంది. తమాషా ఏమిటంటే చీలిన సంగతి అప్పుడు తెలీదు. ఏప్రిల్‌లో మొక్కలకి నీళ్ళు పెడదామని తిప్పుతారు, నీళ్ళు గోడలోపల పడతాయి. మా ఇంట్లో అలాగే అయింది. మొక్కలు మాత్రం ఎండాయి.

లోపల ఆ లైనుకి విడిగా వాల్వు ఉంటే కట్టేసి, బయటి కుళాయి తెరిచి మిగిలిన నీళ్ళు వదిలేయండి.

ఫ్రిస్కో_ఫణి (డాలస్), అక్టోబర్ 11

ప్రసాద్ గారు చెప్పింది డాలస్ వాళ్ళు కూడా చదవండి. మాకు చలికాలమే లేదని నవ్వుకునేవాళ్ళం. 2021 ఫిబ్రవరిలో ఇక్కడ మైనస్ 19 దాకా పడింది, పైగా కరెంటు లేదు. మా కాలనీలో పైపులు పగలని ఇల్లు లేదన్నట్టుంది. నా చిన్న ఫౌంటెన్‌లో నీళ్ళు అలాగే ఉన్నాయి, పువ్వులా నాలుగు రేకులుగా విచ్చుకుంది. ఫోటో ఇప్పటికీ ఉంది, ఏడుపొచ్చినప్పుడు చూసుకుంటా.

టొరంటో_అక్క (బ్రాంప్టన్), అక్టోబర్ 12

శ్రీనూ, నీ లిస్టులో ముందు చూడాల్సింది ఫౌంటెన్ కాదు, తులసికోట. మట్టి సామాను తక్కువ వేడిలో కాల్చింది, స్పాంజి లాగ నీళ్ళు తాగుతుంది. పైన రంగు వేసినా, మెరుపు పూసినా నమ్మకు. అడుగు భాగం పూతలేకుండా ఉంటుంది, అక్కణ్ణుంచి తాగి, గడ్డకట్టాక ఆ మెరుపు పెంకులు పెంకులుగా ఊడిపోతుంది. నాకు కోట ముందు వైపు, దీపం పెట్టే గూడు దగ్గర మొత్తం రాలిపోయింది. దాన్ని రాజమండ్రి నుంచి చీరల మధ్య చుట్టి తెచ్చుకున్నాను.

తులసి మొక్కని రాత్రి వేడి 10 డిగ్రీల కిందికి దిగకముందే లోపలికి తీసుకో. ఒక్క రాత్రి మంచు పడితే ఆకులు నల్లగా ఉడికినట్టయిపోతాయి. దక్షిణం కిటికీ దగ్గర పెట్టు, నీళ్ళు తగ్గించు. అయినా జనవరికి నీరసిస్తుంది. ఇప్పుడే కంకులు కోసి విత్తనాలు దాచుకో. మొక్క పోయినా వంశం ఉంటుంది.

కోటలో మట్టి తీసేసి, కడిగి, బాగా ఎండాక లోపల పెట్టు.

నేపర్విల్_శ్రీను, అక్టోబర్ 12

అక్కా, తులసి నిన్ననే లోపలికి వచ్చేసింది. అమ్మ ఆ కిటికీ దగ్గర నా ఆఫీసు టేబుల్ జరిపించి మరీ పెట్టింది. ఇకనుంచి నా మీటింగులు డైనింగ్ టేబుల్ దగ్గర.

వినాయకుడి సంగతే తేలడం లేదు. గోనె పట్టా చుడదామంటే అమ్మ ఒప్పుకోవడం లేదు. "దేవుడి మొహానికి గోనెసంచి కడతావురా?" అంటోంది. గరాజ్‌లో పెడదామంటే "చెప్పుల స్టాండు పక్కనా?" అంటోంది.

హరిద్వారం (న్యూజెర్సీ), అక్టోబర్ 12

అమ్మగారికి కేదారనాథుడి సంగతి చెప్పండి. చలికాలం గుడి మూసేసి, స్వామి ఉత్సవమూర్తిని పల్లకీలో ఉఖీమఠ్‌కి దించుకొస్తారు, ఆరు నెలలు పూజలు అక్కడే. బదరీనాథ్‌లో అయితే తలుపులు మూసే రోజున మూలమూర్తికి నేతిలో తడిపిన ఉన్ని కంబళి కప్పుతారు. దాన్ని పక్కనున్న మాణా ఊరి ఆడవాళ్ళు నేస్తారు. దేవుడికి చలికాలం ఏర్పాట్లు చేయడం అపచారమైతే హిమాలయాల్లో ఎవరూ పూజారి పని చేయలేరు.

చెప్పుల స్టాండు మాత్రం జరపండి. ఆ పాయింట్ అమ్మగారిదే.

గుంటూరు_గోంగూర (కొలంబస్), అక్టోబర్ 12

నేతి కంబళి అంటే గుర్తొచ్చింది. నూనె పూస్తే నీళ్ళు లోపలికి పోవు కదా? మన గుళ్ళలో నల్లరాతి విగ్రహాలకి నూనె రాస్తారు, వందల ఏళ్ళుగా ఉన్నాయి.

ఆళ్ళగడ్డ_ఉలి (ఆళ్ళగడ్డ, నంద్యాల జిల్లా), అక్టోబర్ 13

మాది శిల్పం పని చేసే ఇల్లు. మంచు నేను చూడలేదు, రాయి చూశాను. అందుకని రాయి సంగతే చెప్తా.

గుళ్ళో నూనె రాసేది గట్టి నల్లరాయికి. అది అసలే నీళ్ళు తాగదు. నూనె వల్ల అది బతకలేదు, రాయి గొప్పతనం వల్ల బతికింది. అదే నూనె సిమెంటు బొమ్మకి రాస్తే లోపలికి ఇంకి, జిడ్డయి, దుమ్ము పట్టి, చీమలు చేరి నల్లగా తయారవుతుంది. రాయొద్దు.

శ్రీను గారు తమ వినాయకుడు రాయో సిమెంటో తెలీదన్నారు. పరీక్ష తేలిక. బొమ్మ అడుగున కనపడని చోట నాలుగు చుక్కలు నీళ్ళు వేసి ఐదు నిమిషాలు చూడండి. ముత్యాల్లా నిలబడితే గట్టి రాయి. రంగు ముదిరి లోపలికి ఇంకిపోతే సిమెంటో, మెత్తటి రాయో. సిమెంటు పోత అయితే అడుగున చిన్న చిన్న గాలి గుంటలు, అచ్చు అతికిన గీత కూడా కనిపిస్తాయి. చెక్కిన రాయికి ఆ గీత ఉండదు.

రెండోది చప్పుడు. విగ్రహానికి రాయి ఎంచేటప్పుడు మేము కొట్టి వింటాం. గంటలా మోగేది పురుష శిల, తాళంలా మోగేది స్త్రీ శిల, మోగనిది నపుంసక శిల అని పెద్దలు చెప్తారు. ఆ లెక్కంతా మీకొద్దు గానీ, చెక్క సుత్తితో మెల్లిగా తట్టి చూడండి. ఒక చోట ఖంగుమని, ఒక చోట బద్దగా వినిపిస్తే లోపల పగులుంది. పగులున్నదాన్ని బయట ఉంచకండి, నీళ్ళు అక్కడే దూరతాయి.

మా తాతల కాలంలో బండ చీల్చాలంటే వరుసగా గాళ్ళు కొట్టి, ఎండిన చెక్క మేకులు దిగ్గొట్టి నీళ్ళు పోసేవాళ్ళు. మేకులు ఉబ్బి తెల్లారేసరికి బండ విడిపోయేది. మీ ఊళ్ళో ఐసు చేసే పని అదే, కూలి అడక్కుండా.

పరమాణువు, అక్టోబర్ 13

ఆళ్ళగడ్డ అన్నా, ఆ చివరి పేరా నా నాలుగేళ్ళ ఇంజనీరింగు కంటే బాగుంది.

నూనె బదులు పూసేవి ఉన్నాయి. సిలేన్ లేదా సిలోక్సేన్ రకం సీలర్ అడగండి. అది లోపలికి ఇంకి నీళ్ళని రానివ్వదు, ఆవిరిని పోనిస్తుంది. పైన మెరిసే పొరలా అంటుకునే రకం కొనకండి, లోపలి తడిని బంధిస్తుంది. పూసేటప్పుడు బొమ్మ పూర్తిగా పొడిగా, గాలి 10 డిగ్రీల పైన ఉండాలి. ఈ ఏడాదికి టైం దాటినట్టే, వచ్చే వేసవిలో చూడండి.

బెర్లిన్_బుజ్జి (బెర్లిన్), అక్టోబర్ 14

ఇక్కడ పక్కనే పొట్స్‌డామ్‌లో సాన్సూసి పార్కు ఉంది. చలికాలం వెళ్తే పాలరాతి విగ్రహాలు కనపడవు, ఒక్కోదానికీ కొలతకి చేసిన చెక్కపెట్టె తొడిగి ఉంటుంది. మొదటిసారి చూసి వరసగా ఇన్ని టెలిఫోన్ బూతులు ఎందుకా అనుకున్నా. ఫ్రాన్స్‌లోని వెర్సాయ్ తోటలో గుడ్డ కవర్లు తొడుగుతారు. రాజులు కట్టించినవాటికే ముసుగు తప్పలేదు, అమ్మగారికి ఇది కూడా చెప్పండి.

నేపర్విల్_శ్రీను, అక్టోబర్ 26

అప్‌డేట్. వినాయకుడికి నీటి చుక్కల పరీక్ష చేశాను. మూడో నిమిషానికి తాగేశాడు. సిమెంటే. అచ్చు గీత కూడా కుడి చెవి పక్కన దొరికింది. రాతి విగ్రహం రేటు ఇచ్చాను, అది వేరే బాధ.

కేదారనాథ్ కథకి అమ్మ మెత్తబడింది. చెప్పుల స్టాండు బయటికి, స్వామి గరాజ్‌లో పీట మీదికి. ఫౌంటెన్ ఎండబెట్టి, ఇద్దరు ఫ్రెండ్స్‌తో కలిసి పై పళ్ళెం, అనాసపండు లోపల పెట్టాం. రెండో పళ్ళెం స్తంభానికి కరుచుకుని కదల్లేదు, అలాగే వదిలేశాం. కింద తొట్టిలో తడి పీల్చడానికి పాత తువ్వాలు మడతపెట్టి వేసి, ఫౌంటెన్లకి అమ్మే గుడ్డ కవర్ తొడిగి తాడు కట్టాను.

రెండు ప్రశ్నలు. పంపుని ఎలా దాచాలి? కొంగల్ని ఏం చేయాలి?

ప్లంబర్_కాదు_ప్రసాద్, అక్టోబర్ 26

పంపు కడిగి, తుడిచి, అట్టపెట్టెలో ఇంట్లో పెట్టండి. అంతే.

మంచుదేశం_మాస్టారు, అక్టోబర్ 26

ప్రసాద్ గారూ, నేనొప్పుకోను. ఎండబెడితే లోపలి రబ్బరు సీళ్ళు బిగుసుకుపోతాయి. నేను బకెట్ నీళ్ళలో ముంచి బేస్‌మెంటులో పెడతాను. తొమ్మిదేళ్ళ నుంచి అదే పంపు.

ప్లంబర్_కాదు_ప్రసాద్, అక్టోబర్ 27

మాస్టారూ, మీది చేపల కొలనుకి వాడే పెద్ద పంపు. ఈయనది పిడికిలంత ఉంటుంది. దానికి బకెట్ కాపలా ఎందుకు? పంపుతో వచ్చిన కాగితంలో ఏం రాశారో చూడమనండి.

మంచుదేశం_మాస్టారు, అక్టోబర్ 27

కాగితం పాత ఓనరు దగ్గర ఉంటుంది. సరే, చిన్నదైతే మీరన్నట్టే కానివ్వండి. ఎక్కడ పెట్టినా గడ్డకట్టని చోట పెట్టాలి, గరాజ్‌లో వద్దు.

కొంగలు రెజిన్‌వి అయ్యుంటాయి. వాటికి చలి లెక్కలేదు గానీ లోపల బోలు. కాళ్ళ దగ్గర సన్నటి కన్నం ఉంటే వాన నీళ్ళు లోపల చేరి గడ్డకట్టి పొట్ట చీలుతుంది. ఊపి చూడండి, గలగలమంటే వంచి ఖాళీ చేయండి. కంచు, ఇత్తడి బొమ్మలకి కూడా ఇదే సంగతి.

లంబసింగి_గాలి (నర్సీపట్నం), అక్టోబర్ 28

మా లంబసింగిలో ఎప్పుడైనా సున్నా దగ్గరికి పోతే టీవీ వాళ్ళు వస్తారు, టీ కొట్టు వాడు రేటు పెంచుతాడు. మీరు మైనస్ 20లో కొంగల్ని ఊపుకుంటున్నారు. జాగ్రత్త అండీ.

నేపర్విల్_శ్రీను, జనవరి 23

సాయం కావాలి, అర్జెంటు. రెండు రోజులుగా ఎండకాసి 6 డిగ్రీలు వచ్చింది. ఎందుకో అనుమానం వచ్చి కవర్ ఎత్తి చూస్తే కింద తొట్టిలో జానెడు ఐసు! నీళ్ళన్నీ తీసేశాను కదా, ఎలా వచ్చింది? ఎల్లుండి మళ్ళీ మైనస్ 15 అంటున్నారు. వేణ్ణీళ్ళు పోసి కరిగించనా, సుత్తితో కొట్టనా?

పరమాణువు, జనవరి 23

రెండూ వద్దు! మరిగే నీళ్ళు పోస్తే ఒక్కసారి వేడి తగిలి సిమెంటే పగులుతుంది. సుత్తి దెబ్బ ఐసు మీంచి నేరుగా తొట్టి గోడకి తగులుతుంది. ఉప్పు కూడా వేయకండి, ముందే చెప్పాను.

తొట్టి గోడలు నిటారుగా ఉన్నాయా, బయటికి వాలి ఉన్నాయా?

నేపర్విల్_శ్రీను, జనవరి 23

బయటికి వాలి ఉన్నాయి. కడాయిలా.

పరమాణువు, జనవరి 23

అయితే కాస్త ఊపిరి పీల్చుకోండి. వాలుగా ఉంటే ఐసు ఉబ్బినప్పుడు పైకి జారడానికి దారుంటుంది. నిటారు గోడలైతే ఆ తోపుడంతా గోడకే. రేపు మధ్యాహ్నం ఎండలో కవర్ పూర్తిగా తీసి కరగనివ్వండి, కరిగింది కరిగినట్టు మగ్గుతో తోడేయండి. ఐసు అంచులు వదిలాక మిగిలిన గడ్డ దానంతటదే ఊడి వస్తుంది.

ముందు ఆ అడుగు కన్నం సంగతి చూడండి. ఎందుకు మూసుకుపోయింది?

నేపర్విల్_శ్రీను, జనవరి 24

తోడేశాను. ఐసు పళ్ళెం మొత్తం ఒకే ముక్కగా వచ్చింది, పిల్లలు దాన్ని పెరట్లో ఈడ్చుకుంటూ ఆడుతున్నారు.

కన్నం మూసుకుపోలేదు, నేనే మూశాను. తువ్వాలు చక్కగా నాలుగు మడతలు వేసి సరిగ్గా కన్నం మీద పెట్టాను. కవర్ తాడు ఒక పక్క వదులై మంచు లోపలికి పడింది, కరిగింది, తువ్వాలు దాన్ని ఆపింది. ఇప్పుడు తువ్వాలు తీసేసి, కన్నంలో చీపురు పుల్ల ఆడించి, కవర్ మళ్ళీ బిగించాను.

టొరంటో_అక్క, జనవరి 24

తువ్వాలు పెట్టమని ఎవరు చెప్పారో గానీ, పెడితే కన్నానికి దూరంగా పెట్టాలి నాయనా. పెట్టాక వదిలేయకూడదు, నెలకోసారి చూసి పిండుకోవాలి. నేను అసలే పెట్టను. కవర్ కింద అంచు నేలకి అంటకుండా బెత్తెడు ఎత్తులో కట్టి గాలి ఆడనిస్తాను, అదే ఆరుతుంది.

తులసి ఎలా ఉంది?

నేపర్విల్_శ్రీను, జనవరి 24

పది ఆకులున్నాయి. అమ్మ డిసెంబర్‌లో వెళ్ళిపోయింది, కానీ రోజూ ఫోన్‌లో ఆకులు లెక్కపెట్టిస్తోంది. తొమ్మిదన్న రోజు నిద్రపోనివ్వదు.

నేపర్విల్_శ్రీను, ఏప్రిల్ 27

అందరికీ అప్‌డేట్ బాకీ ఉన్నాను. నిన్న అన్నీ బయటికి తీశాం.

ఫౌంటెన్ నిలబడింది. కదలనన్న రెండో పళ్ళెం అంచున బొటనవేలంత పెచ్చు ఊడింది, అంతకుమించి ఏమీ లేదు. ఆళ్ళగడ్డ అన్న చెప్పినట్టు చుట్టూ తట్టి విన్నాను, ఒకేలా మోగుతోంది. వినాయకుడు క్షేమం. తులసికోట క్షేమం. కొంగల్లో ఒకదాని నుంచి గ్లాసుడు నీళ్ళు వచ్చాయి, పొట్ట మాత్రం బాగానే ఉంది.

పోయింది ఏనుగు. గరాజ్‌లోనే ఉంది కదా, చలి తగలదని ధీమాగా వదిలేశాను. బంతి మొక్క తీశాను గానీ లోపల తడిమట్టి అలాగే ఉంచాను. మా గరాజ్‌కి హీటర్ లేదు. నడుం దగ్గర నిలువునా రెండుగా చీలింది. ఆరు నెలలు ఫౌంటెన్ గురించి కంగారుపడితే ఏనుగు చడీచప్పుడు లేకుండా పోయింది.

ఇంకో సమస్య. పంపు పెట్టి ప్లగ్ పెడితే గుయ్యిమంటోంది, నీళ్ళు మాత్రం రావడం లేదు.

ప్లంబర్_కాదు_ప్రసాద్, ఏప్రిల్ 27

ప్లగ్ పీకేయండి ముందు. ముందున్న మూత తీస్తే చిన్న చక్రం ఉంటుంది, దానికి సున్నపు గార పట్టి ఉంటుంది. వెనిగర్ సగం, నీళ్ళు సగం కలిపి రాత్రంతా నానబెట్టి పాత టూత్‌బ్రష్‌తో తోమండి. పోయిన అక్టోబర్‌లో "కడిగి" అన్నప్పుడు ఇదే చెప్పాను, మీరు కుళాయి కింద చూపించి ఉంటారు.

మంచుదేశం_మాస్టారు, ఏప్రిల్ 27

బకెట్‌లో పెట్టి ఉంటే గార గట్టిపడేది కాదు. ఊరికే అంటున్నా.

పెచ్చు ఊడిన చోట వచ్చే నెల బయటి పనికి వాడే ఎపాక్సీ జిగురు పెట్టండి, తర్వాత సీలర్ పూయండి. రెండిటికీ పొడి వాతావరణం కావాలి, తొందరపడొద్దు. చక్రం తోమాక నడుస్తుందో లేదో చెప్పండి.

నేపర్విల్_శ్రీను, ఏప్రిల్ 28

నీళ్ళొచ్చాయి! ప్రసాద్ గారూ, కుళాయి కింద చూపించిన మాట నిజమే, క్షమించాలి.

వీడియో కాల్‌లో అమ్మకి చూపించాను. రెండు నిమిషాలు చూసి, "నీళ్ళన్నీ ఎడం పక్కకే పోతున్నాయిరా, పై పళ్ళెం వంకరగా పెట్టావు" అంది. లెవెల్ పెట్టి చూస్తే పళ్ళెం సరిగానే ఉంది, కింద తొట్టే ఒరిగింది.

మంచుదేశం_మాస్టారు, ఏప్రిల్ 28

అమ్మగారి కన్ను గొప్పది. తప్పు మీది కాదు, నేలది. తడి నేల గడ్డకట్టి ఉబ్బినప్పుడు పైనున్నదాన్ని లేపుతుంది, కరిగినప్పుడు సమంగా దింపదు. మా దగ్గర ఇళ్ళ పునాదులు 42 అంగుళాల లోతుకి తవ్వాలని రూలు పెట్టింది దానికే. మీరు అంత తవ్వక్కర్లేదు. మొత్తం ఎత్తి పక్కన పెట్టి, కింద మట్టి అడుగు లోతు తీసేసి కంకర పోసి దిమ్మిస కొట్టండి. నీళ్ళు నిలవకపోతే నేల అంతగా ఉబ్బదు. కానీ అందుకు మళ్ళీ మొత్తం విప్పాలి.

నేపర్విల్_శ్రీను, ఏప్రిల్ 28

విప్పాలంటే ముగ్గురు మనుషులు కావాలి. పోయినసారి వచ్చిన ఫ్రెండ్స్ ఇద్దరూ ఫోన్ ఎత్తడం లేదు. వచ్చే ఆదివారం నేపర్విల్, అరోరా వైపు ఎవరైనా ఖాళీగా ఉన్నారా? పొద్దున పెసరట్టు ఉప్మా, అల్లం పచ్చడి నావి. నడుం పట్టీ ఎవరిది వాళ్ళే తెచ్చుకోవాలి.